తెలియని నంబర్లు ఎత్తే పిల్ల

మా పెళ్లి ఏప్రిల్ చివరి వారంలో అయింది. ఇషితకు బడి సెలవులిచ్చింది కూడా ఆ వారమే. ఇషిత మా బావగారి కూతురు. ఏడో తరగతి అయిపోయి ఎనిమిదికి వచ్చింది. శామీర్‌పేటలో అత్తగారింట్లో దిగిన రోజు నా పెట్టె తెరిచి, చీరల అడుగున దాచుకున్న గోళ్ల రంగు సీసాలను కనిపెట్టింది ఆ పిల్లే.

"చిన్నమ్మా, ఇవన్ని నీయేనా? ఒక్కటి నాకియ్యవా?"

అన్నీ ఇచ్చేశాను. ఆ రోజుల్లో ఎవరేం అడిగినా ఇచ్చేసేలా ఉండేదాన్ని. మేడ మీద బట్టలు ఆరేస్తుంటే చెరువు మీది గాలికి తడిచీర వచ్చి మొహానికి చుట్టుకోవడం కూడా నాకు ముచ్చటగానే ఉండేది. మా ఆయన ధర్మేందర్ మందుల కంపెనీలో డ్యూటీ దిగి, బండి హ్యాండిల్‌కు ముంజల కవరు తగిలించుకుని వచ్చేవాడు. ఆయన రాకముందే నాలుగుసార్లు గేటు దాకా వెళ్లి వచ్చేదాన్ని.

"ఏందే, ఒక్కదానివే నవ్వుతున్నవ్?" అనేది అత్తమ్మ సిద్దమ్మ.

"ఏం లేదత్తమ్మా."

"మాకూ అయినయ్ పెండ్లిళ్లు," అని ఆమె కూడా నవ్వేది.

ఇషిత నాన్న పరమేష్ బావ చెరువులో చేపలు పడతాడు. తల్లి రోజారాణి అక్క రోడ్డు పక్కన కాంటా పెట్టుకుని వాటిని అమ్ముతుంది. ఎండాకాలం చెరువులో నీళ్లు తగ్గుతాయి, వలకు చేప బాగా తగులుతుంది. అందుకని పిల్లలకు సెలవులు వచ్చే కాలమే ఈ ఇంట్లో పెద్దవాళ్లకు ఊపిరాడని కాలం. తెల్లవారకముందే బావ తెప్ప మీద వెళ్లిపోతాడు. ఫోన్ మాత్రం ఇంట్లో పెట్టి వెళ్తాడు. అంతకుముందు రెండు ఫోన్లు నీళ్లలో పడిపోయాయట. చేపలు కావలసినవాళ్లు ఆ ఫోన్‌కే చేస్తారు. హోటళ్లవాళ్లు, కౌకూర్ నుంచి, కీసర నుంచి ఇళ్లవాళ్లు, ఎవరెవరో. ఎవరో ఒకరు ఎత్తి పేరు, ఊరు, ఏ చేప, ఎన్ని కిలోలు అన్నది రాసిపెట్టాలి. అక్క చేతులకు ఎప్పుడూ పొలుసులే. అత్తమ్మకు రాయడం రాదు. సెలవుల్లో ఆ పని ఇషితది.

సెలవులిచ్చిన రోజు బడి నుంచి ఒక కాగితం వచ్చింది. పిల్లల చేతిలో ఫోన్ ఉన్నప్పుడు పెద్దలు ఏమేం చూసుకోవాలో అందులో ఉంది. చదివి, కింద సంతకం చేసి, బడి తెరిచినప్పుడు తిరిగి ఇవ్వాలి. అక్క దాన్ని తెచ్చి నా చేతిలో పెట్టింది.

"సుస్మితా, గిదేందో జర సూడు. నువ్వు డిగ్రీ సదివినవ్ గద. నాకు పొద్దంత రోడ్డు మీదనే అయితది. ఈ సెలవులు పిల్లను నీకే ఒప్పజెప్తున్న. దాని మీద ఒక కన్నేసి ఉంచు."

"నేనున్న గద అక్కా, నువ్వు పరేషాన్ గాకు."

అన్నం తింటున్న అందరికీ వినబడేలా ఆ కాగితం చదివాను. రెండో మాట, తెలియని నంబర్ల నుంచి వచ్చే ఫోన్లకు, మెసేజీలకు పిల్లలు జవాబివ్వకూడదని.

బావ ముద్ద నోట్లో పెట్టుకోబోయి ఆగాడు. "తెల్వని నంబర్లు ఎత్తకుంటే మనం తినేదేంది? తెలిసినోళ్లంత ఉత్తగనే అడుగుతరు."

అందరం నవ్వాం. నేను పెన్ను తెచ్చి ఆ రెండో మాటను కొట్టేశాను. దాని పైన నా గుండ్రటి అక్షరాలతో, "తెలియనివాళ్లతో మర్యాదగా మాట్లాడాలి, పేరూ ఊరూ అడగాలి" అని రాశాను. కింద సంతకం చేశాను. కొత్త ఇంటిపేరుతో నేను చేసిన మొదటి సంతకం అది. బాగా వచ్చిందని రెండుసార్లు చూసుకున్నాను కూడా.

నేను ఊరికే కూర్చునే మనిషిని కాను. చేపల కోసం బావ ఫోన్‌లో ఒక వాట్సాప్ గ్రూపు పెట్టాను. అందులో ఎవరైనా చేరడానికి లింకు తయారుచేసి, దాని క్యూఆర్ కోడ్‌ను అట్ట మీద అంటించి అక్క కాంటా దగ్గర కట్టించాను. రెండు వారాల్లో నూటముప్పై మంది చేరారు. ఒకరోజు వలకు పెద్ద బొచ్చె చేప పడింది. ఇషిత దాన్ని రెండు చేతులతో పొట్టకు ఆనించుకుని ఎత్తి, బరువుకు వెనక్కి వంగి, కళ్లు మూసుకుని నవ్వింది. ఫోటో తీశాను. చేప ఎంత పెద్దదో తెలియాలంటే మనిషి పక్కన ఉండాలి కదా. దాన్నే గ్రూపుకు బొమ్మగా పెట్టాను.

"నా బిడ్డ హీరోయిన్ లెక్క ఉన్నదే!" అంది అక్క. ఆ వారం బొచ్చెలు బాగా అమ్ముడుపోయాయి.

రోజూ పొద్దున పదింటికి ఇషిత రాసిన కాగితం నేను చూసేదాన్ని. అంతవరకే చూసేదాన్ని. మే నెల మధ్యలో ఆ కాగితంలో 'కౌకూర్ అక్క' అని కనిపించింది.

"ఎవరే ఈ కౌకూర్ అక్క?"

"వాళ్లమ్మకు రవ్వు చేప గావాల్నంట చిన్నమ్మా. ఆ అక్క తొమ్మిదో తరగతంట. మెసేజీలల్ల మస్తు మంచిగ మాట్లాడుతది. నా ఫోటో బాగుందన్నది."

"పేరూ ఊరూ అడిగినవా?"

"అడిగిన. మర్యాదగనే అడిగిన," అని పిల్ల గర్వంగా చెప్పింది.

నేను బుగ్గ గిల్లి మెచ్చుకున్నాను. ఇంట్లో తోడుకు ఈడు పిల్లలెవరూ లేరు, ఓ స్నేహితురాలు దొరికిందిలే అనుకున్నాను. ఆ కౌకూర్ అక్క ఒక్కసారి కూడా చేప తీసుకుపోలేదన్న సంగతి నాకు తట్టలేదు.

నెలాఖరుకు ఇషిత అన్నం సగంలో వదిలేయడం మొదలుపెట్టింది. ఫోన్ మోగితే ఉలిక్కిపడేది. ఎండలకు అలా ఉందేమో అని అత్తమ్మ మజ్జిగ తాగించింది. జూన్ మొదటి ఆదివారం మా ఆయనకు సెలవు. కీసర గుట్టకు పోదామన్నాడు. చిలకాకుపచ్చ చీర కట్టుకుని, గేటు దగ్గర ఆయన బండి తుడుస్తుంటే చూస్తూ నిలబడ్డాను. ఇషిత వచ్చి నా కొంగు పట్టుకుంది.

"చిన్నమ్మా, నన్ను గూడ తీస్కపోరాదు."

"ముగ్గురమెట్ల పోతం బిడ్డా? పోలీసోళ్లు ఫోటో కొట్టి చలానా ఏస్తరు," అన్నాడు ఆయన.

"అయితే నువ్వు పోకు చిన్నమ్మా. ఇయ్యాల్ల ఉండు."

"పొద్దుగూకేసరికి వస్తనే. నీకేం తేవాల్నో చెప్పు."

"ఏమొద్దు," అంది. కొంగు వదల్లేదు. నేనే నెమ్మదిగా విడిపించుకున్నాను. పోలీసుల మాట ఒక సాకు. మేమిద్దరమే వెళ్లాలని నాకుంది. దారిలో గాలికి ఎగిరే కొంగును ఆయన ఒక చేత్తో పట్టుకుని బండి నడిపినందుకు ఎంత సంతోషపడ్డానో నాకు ఇప్పటికీ గుర్తుంది.

మరునాడు మధ్యాహ్నం బావ కేకలు వినిపించాయి. పొద్దుటినుంచి ఫోన్ కలవడం లేదని ఇద్దరు హోటల్‌వాళ్లు వేరేచోట కొనుక్కున్నారట. ఇంట్లో ఎక్కడ వెతికినా ఫోన్ లేదు.

"ఏడ పెట్టినవే? అందరు చేపలు కొనే మిరుగం ఇంక వారం గూడ లేదు, ఇప్పుడా నీ ఆటలు?"

ఇషిత గోడకు ఆనుకుని నిలబడి ఉంది. బావ చెయ్యెత్తాడు. నేను అడ్డం వెళ్లి పిల్లను మా గదిలోకి తీసుకెళ్లి తలుపేశాను. కూలర్ వేసి దాని పక్కన కూర్చున్నాను.

"బియ్యం డ్రమ్ముల ఉంది," అంది ఇషిత.

"ఎందుకు పెట్టినవే?"

"కౌకూర్ అక్క అక్క కాదు చిన్నమ్మా. మొగోడు."

చేతి గాజులు పైకి జరుపుకుంటున్నదాన్ని అలాగే ఆగిపోయాను.

"ఎట్ల తెలిసింది?"

"గొంతు రికార్డు చేసి పంపిండు. వీడియో కాల్ ఎత్తుమంటడు. తలుపేసుకుని ఎత్తాల్నంట. ఎత్తకపోతే ఫోటో చేపల గ్రూపుల పెడ్తడంట."

"ఏం ఫోటో?"

డ్రమ్ములోంచి ఫోన్ తీసి తెరిచాను. ఆ ఫోటోలో మొహం ఇషితదే. కళ్లు మూసుకుని నవ్వుతున్న అదే మొహం, నేను తీసిందే. చేతుల్లో చేప లేదు. ఒంటి మీద గౌను లేదు. ఆ ఒళ్లు పిల్లది కాదని నాకు తెలుస్తూనే ఉంది, ఎక్కడో అతికించి తయారుచేశాడని తెలుస్తూనే ఉంది. అయినా కళ్లు తిప్పేసుకున్నాను. కింద రాసిన మాటల్లో రెండు చదివాను, మూడోది చదవలేకపోయాను.

"నువ్వు వీడియో ఎత్తినవా?"

"లేదు. ఒట్టు చిన్నమ్మా. ఒక్కపారి గూడ ఎత్తలే."

"మరి నాకెందుకు చెప్పలేదే?"

"నిన్న చెప్దామనుకున్న."

నేను చేసింది రాస్తాను. ఆ నంబరును బ్లాక్ చేశాను. ఆ మాటలు, ఆ గొంతు, ఆ ఫోటో, మే పదిహేను నుంచి ఉన్నదంతా ఒక్కటొక్కటిగా తుడిచేశాను. ఇల్లు కడిగినట్టు కడిగేశాననుకున్నాను.

"అయిపోయింది. ఇగ వాడు లేడు," అన్నాను.

"నాయినకు చెప్పవు గద?"

"చెప్ప."

"అమ్మకు?"

"ఎవ్వలకు చెప్ప."

ఆ పూట ఇషిత రెండు రొట్టెలు తిన్నది. నాకు ప్రాణం కుదుటపడింది. బావ కొడతాడని, మిరుగం దగ్గర పడిందని, ఇప్పుడు ఇంట్లో గొడవెందుకని నాకు నేను చెప్పుకున్నాను. అసలు కారణం అది కాదు. ఆ ఫోటో తీసిందీ, గ్రూపు పెట్టిందీ, లింకు రోడ్డు మీద కట్టించిందీ నేను. నెలన్నర కిందట వచ్చిన కోడల్ని. అందరికీ అంత నచ్చాను కదా, ఆ నచ్చడం పోగొట్టుకోవాలనిపించలేదు. మా ఆయనకు కూడా చెప్పలేదు.

ఫోన్ బియ్యం డ్రమ్ములో పడిపోయిందని బావతో అని, దాన్ని నేనే దగ్గర పెట్టుకున్నాను. మూడు రోజులు ఏమీ రాలేదు.

మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదటి రోజున, ఇక్కడ చేప తినని ఇల్లుండదు. తెల్లవారేసరికే చెరువు గట్టు మీద కార్లు, బండ్లు, సంచులు పట్టుకున్న జనం. నేను మొదటిసారి చూడటం. అక్క కాంటా దగ్గర నిలబడింది, బావ ఫోన్ పట్టుకుని నేను ఆమె పక్కన నిలబడ్డాను. చల్లటి గాలి వేస్తోంది. దూరంగా తెప్పలు నల్లగా కదులుతున్నాయి. ఎవరో ఎత్తిన వలలో చేపలు మెరిస్తే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను.

అప్పుడు చేతిలో ఫోన్ వణికింది. గ్రూపులో ఒక కొత్త నంబరు. ఆ ఫోటోనే. దాని కింద పేరు, ఊరు, తండ్రి పేరు. పిల్ల మర్యాదగా అడిగింది, వాడడిగితే అంతే మర్యాదగా చెప్పినట్టుంది.

గ్రూపు పెట్టింది ఈ ఫోన్‌లోనే కాబట్టి తీసేయగలను. ఎలా తీయాలో నాకు తెలుసు. అయినా రెండుసార్లు వేరేదేదో నొక్కాను. తీసేసేసరికి ఐదారు నిమిషాలైంది. తలెత్తి చూస్తే గట్టు మీద జనం ఫోన్లు చూస్తున్నారు. పక్కనున్నవాళ్లకు చూపిస్తున్నారు. కొందరు గబగబా జేబులో పెట్టేసుకుంటున్నారు. అక్కకు ఇంకా తెలియదు, కాంటా మీద నీళ్లు చల్లి తుడుస్తోంది.

బావ తెప్ప ఒడ్డుకు వచ్చింది.

"బొచ్చె! బొచ్చె పడ్డది! రారి, జల్దీ రారి!" అని నీళ్లలోంచే కేకేశాడు.

ఎవరూ కదల్లేదు. అంతమందిలో ఫోన్ లేనివాడు ఆయనొక్కడే. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి, రెండు చేతుల్లో రెండు చేపలు ఎత్తి పట్టుకుని, ఎందుకు ఎవరూ పలకడం లేదో తెలియక అటూ ఇటూ చూశాడు.

చేపలవాళ్ల సంఘం పెద్ద కుర్మయ్య పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగాడు. బావ భుజం మీద చెయ్యి వేసి చెవిలో ఏదో చెప్పాడు. బావ చేపలు రెండూ తెప్పలో పెట్టాడు. పారేయలేదు, జాగ్రత్తగా పెట్టాడు. ఒడ్డెక్కి నా దగ్గరికి వచ్చాడు.

"ఫోన్ ఇటు దే."

"తీసేసిన బావా."

"ఏం తీసేసినవ్?"

ఆయన నా మొహం చూశాడు. "నీకు ముందుగాలనే తెల్సా?"

తలూపాను.

ఆ రోజు చేపలన్నీ అమ్ముడుపోయాయి. మిరుగం కదా, తినకుండా ఎవరూ ఉండరు. బావ పట్టుకొచ్చాడు, అక్క తూచింది. ప్రతి ఏడూ పది రూపాయల దగ్గర కూడా పేచీ పెట్టేవాళ్లట. ఆ రోజు ఒక్కరంటే ఒక్కరు బేరం చేయలేదు. సంచి చాపారు, ఇచ్చిందే తీసుకున్నారు, అక్క మొహం చూడకుండా వెళ్లిపోయారు.

మధ్యాహ్నం మా ఆయన నన్నూ బావనూ పోలీస్ స్టేషన్‌కు తీసుకెళ్లాడు. అక్కడి మేడమ్ నెమ్మదిగా అడిగింది, కుర్చీ వేయించింది. బ్లాక్ చేసిన నంబరు రాసుకుంది, గ్రూపులోకి వచ్చిన కొత్త నంబరు రాసుకుంది. రెండూ పనిచేయడం లేదు.

"మెసేజీలు చూపించండమ్మా. ఎప్పటినుంచి మాట్లాడిండు, ఏం అడిగిండు, ఆ గొంతు..."

"తుడిచేసిన మేడమ్."

ఆమె రాయడం ఆపింది. "ఎందుకు తుడిచిన్రు?"

"పోతదనుకున్న."

"అవి ఉంటే మాకు దారి దొరుకుతుండె," అంది. తిట్టలేదు. "ప్రయత్నం చేస్తం. టైం పడ్తది." పిల్ల మళ్లీ ఒంటరిగా ఉండకుండా చూసుకోమని చెప్పింది, తప్పు పిల్లది కాదని బావకు రెండుసార్లు చెప్పింది. బావ రెండుసార్లూ తలూపాడు. విన్నాడో లేదో తెలియదు.

ఇంటికి వచ్చాక బావ పిల్లను ఒక్క మాట అనలేదు. కొడతాడని అంత భయపడ్డాం. కొట్టలేదు, చూడనూ లేదు. ఇషిత నీళ్ల చెంబు తెచ్చిస్తే, అది కింద పెట్టే దాకా ఆగి తర్వాత తీసుకున్నాడు. అత్తమ్మ మాత్రం దాన్ని దగ్గరికి లాక్కుని, "నీ మీద మన్నువడ, నాకన్నా చెప్పకపోతివే," అని ఏడ్చింది.

అక్క నా గది గుమ్మం దాకా వచ్చింది.

"నీకు ఒప్పజెప్పిన గద సుస్మితా," అంది. అంతే, వెళ్లి కత్తిపీట కడుక్కుంది. ఆ తర్వాత ఆమె నాతో ఉప్పు, పప్పు, గిన్నెల మాటలే మాట్లాడుతోంది.

ఇషిత మాట్లాడటానికి నా దగ్గరికే వచ్చేది, అదే భరించడం కష్టంగా ఉండేది. కోపం తెచ్చుకుని ఉంటే బాగుండేది. సాయంత్రం మా ఆయన ఇంటికొచ్చే వేళకు ఇంకా నా చెవులు గేటు వైపే ఉంటాయి. ఇంత జరిగాక కూడా ఎదురు వెళ్లాలనిపిస్తుంది. ఆ పిల్ల గుమ్మంలో కూర్చుని ఉంటే దాన్ని దాటుకుని గేటు దాకా వెళ్లలేక లోపలే ఉండిపోతాను.

బడి జూన్ పన్నెండున తెరుస్తారు. ముందురోజు బావ, "ఇగ బడి లేదు. మీ అమ్మమ్మ ఊరికి తోలిస్త," అన్నాడు.

"అది చేసిన తప్పేంది?" అంది అక్క.

"తప్పని నేనన్ననా? గా రోడ్డు మీదికెల్లి నడవాలె గద అది. అందరి కండ్ల ముంగట నడవాలె గద."

నేను మొదటిసారి బావ ఎదుట గొంతు లేపాను. చదువు మాన్పిస్తే వాడు గెలిచినట్టే అన్నాను. నేనే రోజూ తోడు వెళ్తానన్నాను, నేనే తీసుకొస్తానన్నాను. మా ఆయన కూడా నా వైపు మాట్లాడాడు. చాలాసేపటికి బావ, "దాన్నే అడుగు. పోతనంటే పోనియ్యి," అన్నాడు.

ఇషిత, "పోత," అంది. ఆ మాట వినగానే దాన్ని ఎత్తుకుని తిప్పేయాలనిపించింది.

పొద్దున అక్క రెండు జడలు వేసింది. కొత్త బ్యాగు, కొత్త చెప్పులు. రాత్రి కురిసిన వానకు రోడ్డు పక్కన నీళ్లు నిలిచాయి. చెయ్యి పట్టుకుని నడిచాం. టిఫిన్ బండి దగ్గర ఇద్దరు మాటలాపారు. నేను గట్టిగా ఏదేదో చెబుతూ నడిచాను, లెక్కల టీచర్ గురించి, మధ్యాహ్నం డబ్బాలో పెట్టిన పులిహోర గురించి. ఇషిత "ఊఁ" అంటోంది. నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఉంది.

బడి గేటు ముందు దాని తరగతి పిల్లలు ఆరేడుగురు నిలబడ్డారు. వాళ్లలోంచి ఒక పిల్ల రెండడుగులు ముందుకు వేసింది. మూడేళ్లుగా ఇషిత పక్కన బెంచీలో కూర్చునే పిల్లట. నవ్వబోయి, వెనక్కి ఒకసారి చూసి, చిన్న గొంతుతో అంది.

"ఇషితా, మా డాడీ నీ పక్కకు కూసోవద్దన్నడు. టీచర్‌కు గూడ ఫోన్ చేసిండు. ఏమనుకోకు."

పిల్లలో కుళ్లు లేదు. చెప్పమన్నది చెప్పింది. ఇంకేదో చెప్పాలన్నట్టు ఒక్క క్షణం నిలబడి, మళ్లీ వాళ్లలోకి వెళ్లిపోయింది.

"సరే," అంది ఇషిత, అప్పటికే వెళ్లిపోయిన పిల్లతో.

లోపల గంట కొట్టారు. పిల్లలందరూ పరుగెత్తారు. వాచ్‌మన్ గేటు ఒక రెక్క మూసి, రెండోది పట్టుకుని మా కోసం ఆగాడు.

"పోదామా? నేను టీచర్‌తోని మాట్లాడ్త," అన్నాను.

ఇషిత నా చేతిలోంచి చెయ్యి తీసుకుంది. బ్యాగు సరిచేసుకుని ఇంటివైపు తిరిగి, రోడ్డుకు బాగా పక్కగా, నిలిచిన నీళ్లలో అడుగులేస్తూ నడవడం మొదలుపెట్టింది. కొత్త చెప్పులు తడిసిపోతున్నాయి. వాచ్‌మన్ నా వైపు చూశాడు. రావడం లేదని చేత్తోనే సైగ చేశాను. ఆయన రెండో రెక్క కూడా మూసేశాడు.